వరుస తప్పితే లెక్క తప్పుతుంది: డెరివేషన్‌పై ఒక పాఠం



క్రితం సారి మన ట్రస్టు ఉపకార వేతనాల ఇంటర్వ్యూలకు గోపాల్‌పూర్ నుంచి ఒక అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. లెక్కలు ప్రధానాంశంగా బి.ఎస్సీ. పూర్తి చేసింది. ఎం.ఎస్సీ. చదవాలని ఆమె కోరిక. తండ్రిది చేపల వ్యాపారం. ఆయన మనసులో వేరే ఆలోచన ఉంది.

"మాస్టారూ, బి.ఇడి. చేస్తే టీచరు ఉద్యోగానికి దారి ఉంటుంది. ఈ ఎం.ఎస్సీ. లెక్కలు దేనికి పనికొస్తాయో నాకు బోధపడటం లేదు. అది చదివే పుస్తకంలో అంకెలే కనబడవు. అన్నీ అక్షరాలే" అన్నారు.

అమ్మాయిని ఏ పాఠం చదువుతున్నావమ్మా అని అడిగాను. "రింగుల మీద డెరివేషన్లు, మాస్టారూ. సూత్రం కంఠస్థం వచ్చింది గానీ, అది ఎందుకో తెలియలేదు" అంది.

ఆ తండ్రికి, ఆ కూతురికి ఇద్దరికీ అర్థమయ్యేలా ఆ పాఠం రాస్తానని ఆ రోజు మాట ఇచ్చాను. ఈ వ్యాసం ఆ మాట చెల్లించుకోవడానికే. తల్లిదండ్రులు మొదటి భాగాన్ని, చివరి భాగాన్ని తప్పక చదవగలరు. మధ్య భాగాన్ని విద్యార్థులు కాగితం, కలం పట్టుకుని చదవాలని మనవి.

ముందుగా ఒక చిన్న హెచ్చరిక. ఫిజిక్సు తరగతిలో 'డెరివేషన్ రాయండి' అంటే ఒక సూత్రాన్ని మెట్టు మెట్టుగా రాబట్టమని అర్థం. మనం చెప్పుకోబోయే డెరివేషన్ అది కాదు. ఇది ఒక రకం ప్రమేయం, అంటే ఒక వస్తువును ఇస్తే మరొక వస్తువును తిరిగి ఇచ్చే పద్ధతి.

1. చేపల బుట్ట లెక్క

నిన్న కిలో చేపల ధర 200 రూపాయలు, అమ్మిన చేపలు 10 కిలోలు అనుకుందాం. రాబడి 2000 రూపాయలు. ఇవాళ ధర 210 అయింది, అమ్మినది 12 కిలోలు. రాబడి 2520. పెరిగినది 520 రూపాయలు. ఈ 520 ఎక్కడి నుంచి వచ్చింది?

ధర పెరగడం వల్ల వచ్చినది: 10 రూపాయలు × పాత 10 కిలోలు = 100.
బరువు పెరగడం వల్ల వచ్చినది: పాత ధర 200 × 2 కిలోలు = 400.
రెండూ కలిపితే 500. ఇంకా 20 మిగిలింది. అది పెరిగిన ధర 10ని, పెరిగిన బరువు 2తో గుణిస్తే వచ్చే చిన్న ముక్క.

ఇసుక మీద ఆరబెట్టిన దీర్ఘచతురస్రాకారపు వలను తలచుకోండి. దాని పొడవు కొంచెం, వెడల్పు కొంచెం పెంచితే ఒక పక్క ఒక పట్టీ, ఇంకో పక్క ఒక పట్టీ, మూలలో ఒక చిన్న దీర్ఘచతురస్రం చేరతాయి. మార్పులు బాగా చిన్నవైతే మూల ముక్క మరీ చిన్నదైపోతుంది. దాన్ని వదిలేస్తే మిగిలేది ఇది:

లబ్ధంలో మార్పు = (మొదటి దాని మార్పు × రెండవది) + (మొదటిది × రెండవ దాని మార్పు)

ప్లస్ టూ కలనగణితంలో మీరు నేర్చుకున్న లబ్ధ నియమం ఇదే. దీనికి లైబ్నిజ్ నియమం అని పేరు. ఆ మహానుభావుడు కూడా 1675 నవంబరు నాటి తన రాతల్లో, లబ్ధం యొక్క మార్పు రెండు మార్పుల లబ్ధానికి సమానమేనా అని తనను తానే ప్రశ్నించుకుని, ఒక ఉదాహరణ వేసి చూసి, కాదని తేల్చుకున్నాడు. 1684లో నియమాన్ని సరైన రూపంలో అచ్చు వేయించాడు. అంతటివాడు కూడా ఉదాహరణతో సరిచూసుకున్న తర్వాతే ముందుకు వెళ్ళాడని విద్యార్థులు గమనించాలి.

2. సూత్రాన్నే నిర్వచనంగా తీసుకుంటే

ఇప్పుడు ఆధునిక బీజగణితం వేసిన అడుగు చూడండి. వాలు, వేగం, అవధి అన్నీ పక్కన పెట్టేద్దాం. కూడిక, తీసివేత, గుణకారం ఉన్న ఒక లోకం తీసుకుందాం. ఇలాంటి లోకాన్ని, కొన్ని మామూలు నియమాలు పాటించేటట్లయితే, రింగ్ అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో వలయం అని ఉంటుంది. పూర్ణసంఖ్యలు ఒక రింగ్. బహుపదులు ఒక రింగ్. రెండు వరుసలు, రెండు నిలువులు ఉన్న మాత్రికలు ఒక రింగ్.

ఆ రింగులోని ప్రతి వస్తువుకు అదే రింగులోని ఒక వస్తువును జతచేసే ప్రమేయం 'డ' ఈ రెండు షరతులు పాటిస్తే దాన్ని డెరివేషన్ అంటారు:

డ(క + గ) = డ(క) + డ(గ)
డ(క·గ) = డ(క)·గ + క·డ(గ)

ఇంతే. ఈ రెండు పంక్తులు తప్ప చేతిలో ఇంకేమీ లేదు. అయినా వీటి నుంచి ఎంత వస్తుందో చూడండి.

ఒకటికి ఎంత? 1 = 1·1 కనుక డ(1) = డ(1)·1 + 1·డ(1) = డ(1) + డ(1). రెండు వైపులా డ(1) తీసేస్తే డ(1) = 0. పూర్ణసంఖ్యలన్నీ ఒకట్లను కూడి, తీసివేసి తెచ్చుకునేవే కనుక ప్రతి పూర్ణసంఖ్యకూ డ విలువ 0. అంటే పూర్ణసంఖ్యల రింగులో సున్నా తప్ప వేరే డెరివేషన్ లేనే లేదు. భిన్నాలకూ అంతే. స్థిరాంకపు అవకలజం సున్నా అని మనం బట్టీ పట్టిన మాటకు, పూర్ణసంఖ్యలు, భిన్నాల వరకు, ఇక్కడ అవధి ఊసే లేకుండా నిరూపణ దొరికింది.

బహుపదుల్లో చలరాశిని 'య' అందాం. డ(య) = 1 అని, స్థిరాంకాలకు డ విలువ 0 అని పెట్టుకుంటే, డ(య²) = 1·య + య·1 = 2య. డ(య³) = డ(య²)·య + య²·డ(య) = 3య². మనకు తెలిసిన అవకలనమే తిరిగి వచ్చింది.

మరి మూల ముక్కను వదిలేయడం న్యాయమేనా? దానికీ ఒక ఉపాయం ఉంది. అన్నిటితోనూ వరుస మార్చి గుణించగల 'ఇ' అనే ఒక గుర్తు తీసుకుని, ఇ·ఇ = 0 అని నియమం పెట్టండి. ఇప్పుడు (క + డ(క)·ఇ)ను (గ + డ(గ)·ఇ)తో గుణించండి. వచ్చేది క·గ + [డ(క)·గ + క·డ(గ)]·ఇ. మూల ముక్కలో ఇ·ఇ ఉంది కనుక అది తనంతట తానే సున్నా అయింది. 'చిన్నది కనుక వదిలేద్దాం' అని ఎవరినీ బతిమాలనక్కరలేదు.

3. నేను మార్కులు పోగొట్టుకున్న చోటు

ఇక అసలు విషయానికి వద్దాం. బియ్యాన్ని ముందు రుబ్బి తర్వాత ఉడికిస్తే ఒకటి అవుతుంది. ముందు ఉడికించి తర్వాత రుబ్బితే వేరొకటి అవుతుంది. పనులు రెండే, వరుస మారింది. మాత్రికల గుణకారమూ ఇలాంటిదే. క·గ, గ·క ఒకటి కానక్కరలేదు.

నేను ఎం.ఎస్సీ. చదివే రోజుల్లో గోపాల్‌పూర్ నుంచి బరంపురానికి బస్సులో వచ్చి వెళ్ళేవాణ్ణి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నందువల్ల ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఈ మూడు భాషల బతుకు మామూలే. పాఠం ఇంగ్లీషులో అర్థం కానప్పుడు నేను చేసిన పని కంఠస్థం పట్టడం. పరీక్షలో ఒక రింగ్ ఇచ్చి డ(క²) ఎంత అని అడిగితే, ఆలోచించకుండా 2క·డ(క) అని రాసి వచ్చాను. ఆ ప్రశ్నకు సున్నా వచ్చింది. దిద్దినవారి తప్పేమో అని చాలా రోజులు అనుకున్నాను. తప్పు నాదేనని ఈ కింది ఉదాహరణ వేసి చూసుకున్న రోజున తెలిసింది. మీరూ వేయండి.

మ అనే మాత్రిక: పై వరుస 0, 1, కింది వరుస 0, 0.
క అనే మాత్రిక: పై వరుస 0, 0, కింది వరుస 1, 0.

ఏ మాత్రిక ఇచ్చినా దాన్ని ఎడమవైపు నుంచి మ తో గుణించి, అందులోంచి కుడివైపు గుణిస్తే వచ్చినదాన్ని తీసివేయడమే మన ప్రమేయం. అంటే డ(క) = మ·క − క·మ. ఇది డెరివేషనేనా? సరిచూద్దాం.

డ(క)·గ + క·డ(గ) = (మ·క − క·మ)·గ + క·(మ·గ − గ·మ) = మ·క·గ − క·మ·గ + క·మ·గ − క·గ·మ.

మధ్యలోని రెండు పదాలు కొట్టివేసుకుపోతాయి. మిగిలేది మ·(క·గ) − (క·గ)·మ, అదే డ(క·గ). కనుక ఇది డెరివేషనే. ఒక వస్తువును పట్టుకుని ఇలా తయారుచేసే వాటిని అంతర డెరివేషన్లు అంటారు. గుణకారంలో వరుస పట్టింపు లేని రింగులో ఇవన్నీ సున్నా అయిపోతాయి. వరుస మారితే ఎంత తేడా వస్తుందో కొలిచే పనిముట్టు ఇది.

ఇప్పుడు లెక్క. మ·క పై వరుస 1, 0. కింది వరుస 0, 0. క·మ పై వరుస 0, 0. కింది వరుస 0, 1. తీసివేస్తే డ(క) పై వరుస 1, 0. కింది వరుస 0, −1. దీన్ని 'హ' అందాం.

క·క చేసి చూడండి. అన్నీ సున్నాలే. కనుక డ(క²) = 0 కావాలి. నేను రాసిన జవాబు ప్రకారం 2క·డ(క) = 2క·హ. క·హ గుణిస్తే మళ్ళీ క వస్తుంది. కనుక నా జవాబు 2క. అది సున్నా కాదు! వరుస కాపాడి రాస్తే డ(క)·క + క·డ(క) = హ·క + క·హ. హ·క గుణిస్తే −క వస్తుంది, క·హ గుణిస్తే క. కూడితే సున్నా. సరిపోయింది.

నా తప్పు ఏమిటి? డ(క)ను క కు కుడివైపుకి జరిపేశాను. జరపడానికి నాకు అనుమతి లేదు. సూత్రంలో ఎడమ పక్కది ఎడమనే, కుడి పక్కది కుడినే ఎందుకు రాస్తారో ఆ రోజున బోధపడింది. సూత్రం అప్పటికీ నోటికి వచ్చు. అందులోని ప్రతి అక్షరం తన చోటులోనే ఎందుకుందో మాత్రం తెలియదు. మార్కులు పోయింది అక్కడ.

4. ఒకే కుటుంబంలోని తోబుట్టువులు

నియమాన్ని కొంచెం సడలించినా, కొంచెం మార్చినా కొత్త ప్రమేయాలు పుడతాయి. ముఖ్యమైన మూడింటిని చెబుతాను.

మొదటిది జోర్డాన్ డెరివేషన్. కూడిక నియమంతో పాటు, నేను తప్పు చేసిన ఆ వర్గపు నియమం ఒక్కటే అడుగుతాం: డ(క²) = డ(క)·క + క·డ(క). రెండు వేర్వేరు వస్తువుల లబ్ధం గురించి ఏమీ అడగం. ఇంత తక్కువ అడిగితే పూర్తి లబ్ధ నియమం తిరిగి వస్తుందా? వస్తుందని 1957లో హెర్‌స్టైన్ నిరూపించాడు. అయితే రింగ్ ప్రధాన రింగ్ కావాలి, అందులో 1 + 1 = 0 కాకూడదు. ప్రధాన రింగ్ అంటే, సున్నా కాని రెండు వస్తువుల మధ్య రింగులోని ఏ వస్తువును పెట్టి గుణించినా సున్నాయే వచ్చే పరిస్థితి లేని రింగ్. మన మాత్రికల రింగ్ అలాంటిదే.

రెండవది సాధారణీకృత డెరివేషన్. ఫ(క·గ) = ఫ(క)·గ + క·డ(గ). ఇక్కడ ఫ వేరు, దానికి తోడుగా ఉన్న డెరివేషన్ డ వేరు. స్లొవేనియా గణితజ్ఞుడు బ్రెషార్ 1991లో ఈ భావనను ప్రవేశపెట్టాడు.

మూడవది వక్ర డెరివేషన్. డ(క·గ) = డ(క)·గ + స(క)·డ(గ). ఇందులో స అనేది కూడికను, గుణకారాన్ని కాపాడే మరొక ప్రమేయం. ఇది ఎక్కడో ఉన్న వస్తువు కాదు. మన చేపల బుట్టలోనే ఉంది. అక్కడ 20 రూపాయల మూల ముక్క మిగిలిపోయింది కదా? పాత ధర బదులు కొత్త ధర పెట్టండి: 10 × 10 + 210 × 2 = 100 + 420 = 520. పైసా తేడా లేదు. 'పాతదాన్ని కొత్తదిగా మార్చడం' అనే పనే ఇక్కడ స. ఇటువంటి ప్రమేయాలతో కట్టే బహుపదుల సిద్ధాంతాన్ని ఓర్ 1933లో ప్రచురించాడు.

1957లో హెర్‌స్టైన్ వ్యాసం వచ్చిన అమెరికన్ గణిత పత్రికలోనే, అదే సంపుటంలో, పోస్నర్ వ్యాసం కూడా వచ్చింది. ఆయన ఫలితాల్లో ఒకటి ఇలా చెప్పవచ్చు: ఒక ప్రధాన రింగులో సున్నా కాని డెరివేషన్ ఉండి, ప్రతి వస్తువు క కూ, డ(క) కూ గుణకారంలో వరుస పట్టింపు లేకపోతే, ఆ రింగ్ మొత్తంలోనే వరుస పట్టింపు ఉండదు. మన ఉదాహరణతో పోల్చి చూడండి. మాత్రికల రింగులో వరుస పట్టింపు ఉంది. కనుక ఎక్కడో ఒకచోట క, డ(క) వరుస కుదరక తీరాలి. మనం తీసుకున్న క దగ్గరే అది కనబడింది: హ·క = −క, క·హ = క.

ఈ ఫలితం తర్వాత మన దేశంలోనూ ఈ రంగంలో విస్తారంగా పని జరిగింది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం ఇందుకు పేరు పొందింది. రెండు విభాగ న్యాయాల్లో ఒకటే ఉండే నియర్‌రింగులపై ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో భావనారి సత్యనారాయణ గారు, వారి శిష్యులు కృషి చేశారు. నియర్‌రింగులపై డెరివేషన్ల అధ్యయనం 1987లో బెల్, మేసన్‌ల వ్యాసంతో మొదలైంది. తెలుగు నేల మీద కూడా ఈ విద్యకు చోటు ఉన్నదని మన పిల్లలు తెలుసుకోవాలి.

5. ఇంటి దగ్గర చేయవలసినవి

(అ) డ, ట రెండు డెరివేషన్లయితే, డ(ట(క)) − ట(డ(క)) కూడా డెరివేషనేనని చూపండి. నాలుగు అదనపు పదాలు వస్తాయి, జంటలుగా పోతాయి.
(ఆ) డ ను రెండుసార్లు వరుసగా ప్రయోగిస్తే సాధారణంగా డెరివేషన్ రాదు. అడ్డు వచ్చే పదం 2డ(క)·డ(గ) అని రాబట్టండి.
(ఇ) బహుపదుల్లో డ(య) = య² అని, స్థిరాంకాలకు 0 అని పెడితే డ(య³) ఎంత? జవాబు 3య⁴ రావాలి.
(ఈ) పై మ, క లనే తీసుకుని డ(హ) ఎంతో కనుక్కోండి. −2మ వస్తే మీ గుణకారం సరిగ్గా ఉన్నట్టు.

6. తల్లిదండ్రులకు రెండు మాటలు

ఈ చదువు దేనికి పనికొస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి రెండు జవాబులు ఉన్నాయి.

మొదటిది విద్య గురించి. 1925లో ఇరవైమూడేళ్ళ డిరాక్ అణువుల లోపలి చలనాన్ని లెక్కకట్టడానికి పూనుకున్నాడు. అక్కడి రాశుల గుణకారంలో వరుస మారితే ఫలితం మారుతుంది. అటువంటి రాశులకు అవకలనం ఏ రూపంలో ఉండాలి అని అడిగి, లబ్ధ నియమాన్ని వరుస చెడకుండా పెట్టి చూస్తే, పైన మనం చూసిన 'ఎడమ గుణకారంలోంచి కుడి గుణకారం తీసివేత' రూపమే వచ్చింది. క్వాంటం యాంత్రిక శాస్త్రానికి పునాది రాళ్ళలో అది ఒకటి. సెల్‌ఫోనులోని చిప్పు పనితీరు వివరించడానికి ఆ శాస్త్రమే ఆధారం. అమ్మాయి పుస్తకంలోని అక్షరాలు ఉత్త అక్షరాలు కావు.

రెండవది ఉపాధి గురించి. ఎం.ఎస్సీ. చదివినంత మాత్రాన ఉద్యోగం ఖాయమని నేను చెప్పను. అలా చెప్పేవారిని నమ్మవద్దు. కానీ బి.ఇడి. తలుపు ఎం.ఎస్సీ. తర్వాత కూడా తెరిచే ఉంటుంది. ఎం.ఎస్సీ.తో నెట్ పరీక్ష రాసి ఉత్తీర్ణులైతే కాలేజీ అధ్యాపక పదవులకు, పరిశోధన ఫెలోషిప్పులకు అర్హత వస్తుంది. ఆ పరీక్షలో బీజగణితం ఒక ముఖ్య భాగం. ఐ.ఐ.టి.లలో ఎం.ఎస్సీ.కి జామ్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. దూరం పంపలేని వారికి మన ఊళ్ళోనే 1967లో స్థాపించిన బరంపురం విశ్వవిద్యాలయం ఉంది. 2016లో ఐసర్ కూడా బరంపురానికి వచ్చింది. భువనేశ్వర్‌లో 1999 నుంచి గణితానికే ప్రత్యేకించిన సంస్థ ఒకటి నడుస్తోంది. మా రోజుల్లో ఇన్ని దారులు లేవు.

ఒక్క విన్నపం. పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు 'ఎన్ని మార్కులు' అని అడగండి, తప్పులేదు. దానితోపాటు 'ఇవాళ నేర్చుకున్నది నాకు తెలుగులో చెప్పు' అని కూడా అడగండి. మీకు పూర్తిగా అర్థం కాకపోయినా ఫరవాలేదు. తెలుగులో చెప్పడానికి కూర్చున్నప్పుడే తాము ఎక్కడ బట్టీ పట్టామో, ఎక్కడ అర్థం చేసుకున్నామో పిల్లలకు తెలిసిపోతుంది. నన్ను ఆ ప్రశ్న అడిగేవారు ఆనాడు ఇంట్లో ఉంటే, పరీక్ష హాలుకు వెళ్ళకముందే నా తప్పు బయటపడేది.

గోపాల్‌పూర్ తండ్రి గారు ఇంకా ఏ మాటా చెప్పలేదు. నిర్ణయం వారి కుటుంబానిదే. ఈ సంచిక చేతికి అందగానే చేపల బుట్ట లెక్కను నాన్నగారికి చదివి వినిపించమని అమ్మాయికి చెప్పాను. ఆ 20 రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆయన అమ్మాయి కంటే ముందే చెప్పేస్తారని నా నమ్మకం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన చేసేది ఆ లెక్కే కదా.